చెబుతున్నది మీ మీరా

ఆ రోజు పొద్దున వన్ టౌన్‌కి ఒక చావు కబురు చెప్పాలి. ఎప్పుడూ చెప్పేవాడే చనిపోయాడు. చిక్కంతా అక్కడొచ్చింది.

మైకు మీరా అంటే బెజవాడ వన్ టౌన్‌లో, అంటే పాతబస్తీలో, పసిపిల్లలకు కూడా తెలుసు. అసలు పేరు షేక్ నాగుల్ మీరా. సర్కస్ వచ్చినా, చీరల ఎగ్జిబిషన్ పెట్టినా, రేపు కుళాయిలు రావని చెప్పాల్సి వచ్చినా, సామారంగం చౌక్‌లో ఎవరి పిల్లాడో తప్పిపోయినా, ఏ పెద్దమనిషో కాలం చేసినా ఆటో మీద గొట్టం మైకు కట్టుకుని బయల్దేరేది ఆయనే. ముందు "పురప్రజలకు విజ్ఞప్తి" అనేవాడు. ఆఖర్న "విన్నవారు విననివారికి చెప్పండి. చెబుతున్నది మీ మీరా" అనేవాడు. ఆ చివరి ముక్క ఆయన్ని ఎవరూ చెప్పమనలేదు. అది ఆయన సొంత సరదా. మనిషన్నాక ఆ మాత్రం గీర ఉండకూడదా ఏమిటి? ఊరంతా వినే గొంతు పెట్టుకుని పేరు చెప్పుకోకుండా పోవడానికి మీరా ఏమీ సన్యాసి కాదు.

ఆటో నడిపేది శౌరయ్య. ముందు అద్దానికి గుణదల మేరీమాత బొమ్మ వేలాడదీసుకుని, మీరా మాట ఎక్కడ విరుగుతుందో చూసుకుని గేరు మార్చే మనిషి. వాళ్ళిద్దరికీ ఒక లెక్క ఉండేది. వినేవాడు గుమ్మంలో నిలబడి ఉంటాడు, బండి మాత్రం కదిలిపోతూ ఉంటుంది. అందుకని ఒక ఇంటి ముందు నుంచి బండి దాటేలోగా అసలు సంగతి అయిపోవాలి. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు. ఇందులో ఏది తగ్గినా చెప్పిందంతా గాలికి పోయినట్టే. బండి ఆగకూడదు. ఊపిరి తీసుకుంటున్నట్టు ఎవరికీ తెలియకూడదు. ఇదే వాళ్ళ శాస్త్రం. శాస్త్రం అంటే వాళ్ళు నవ్వుతారు గానీ, శాస్త్రమే.

మీరా కొడుకు అఫ్రాజ్. పాతికేళ్ళవాడు. ర్యాప్ చెబుతాడు. పాడతాడు అంటే వాడికి కోపం. మోత మీద మాటల్ని తాళం తప్పకుండా గబగబా దొర్లించడాన్ని పాడటం అనరట, చెప్పడం అనాలట. సరే, చెబుతాడనే అనుకుందాం.

వాడికి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందంటే, ఇంట్లోనే పట్టింది. తాత కరిముల్లా పరుపులకు దూది ఏకేవాడు. నిలువెత్తు విల్లు, దాని నారి మీద చెక్కతో కొడితే టంగ్, టంగ్‌టంగ్ అని ఒకటే మోత. వాకిలంతా దూది మంచులా లేచేది. అఫ్రాజ్ ఆ మోతలోనే నిద్రపోయేవాడు. మోత ఆగితే లేచి ఏడ్చేవాడు. కాస్త పెద్దయ్యాక ఎండాకాలం సెలవుల్లో నాన్న వెంట ఆటో ఎక్కి గన్నవరం దాకా, గుడివాడ దాకా, కాలవ గట్ల వెంబడి సర్కస్ చెప్పడానికి వెళ్ళేవాడు. వరి కోసేసిన పొలాల మీద నుంచి గొట్టంలో నాన్న మాట అవతల ఊరికి వెళ్ళి తగిలి తిరిగొచ్చేది. ఆ తిరిగొచ్చే మాట మీద నాన్న తర్వాతి మాట వేసేవాడు. తొంభైల్లో వాడి స్నేహితుడు భవానీపురం సురేష్ ఎక్కణ్ణించో ఒక క్యాసెట్ తెచ్చాడు. అమెరికా నల్ల కుర్రాళ్ళ పాటలు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గదిలో కూర్చున్న మిగతావాళ్ళు నోరు తెరుచుకుని వింటుంటే అఫ్రాజ్‌కి మాత్రం పెద్ద వింతగా అనిపించలేదు. ఇది తాతయ్య విల్లు, నాన్న నోరు, ఇందులో కొత్తేముంది అనుకున్నాడు. ఆ రాత్రి నుంచి నోటుపుస్తకాల వెనక పేజీలన్నీ నిండిపోయాయి.

ఆ తర్వాత సురేష్ భవానీపురంలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. మధ్యాహ్నం పూట జనం లేనప్పుడు షట్టరు సగం దించి, నెత్తిన దుప్పటి కప్పుకుని, కంప్యూటర్ మైకులో అఫ్రాజ్ చెప్పేవాడు. తాత పోయాక అటక మీద పడి ఉన్న విల్లు దించి దాని మోతను కూడా ఆ మైకులోకి పట్టుకున్నాడు. సీడీలు కొట్టించి కాలేజీల ముందు తనే పంచాడు. ఏ కంపెనీ లేదు, ఏ సంగీత దర్శకుడూ లేడు. ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. అంతవరకు బాగానే ఉంది.

ఒక ఇంజనీరింగు కాలేజీ వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కనిచ్చారు. అఫ్రాజ్ మొదలుపెట్టాడు. తూములు, గోడౌన్లు, హమాలీలు, కృష్ణలో ఎండిపోయిన ఇసుక, అన్నీ దొర్లించుకుంటూ పోతున్నాడు. మంచి ఊపులో ఉండగా వెనక వరసలో నుంచి ఒకడు "టిక్కెట్టెంత బాబూ?" అన్నాడు. ఇంకొకడు "రోజుకెన్ని ఆటలు?" అన్నాడు. అంతే, హాలు హాలంతా నవ్వు. సగం మంది పాతబస్తీ పిల్లలేగా. వాళ్ళ చెవులకు అది సర్కస్ ఆటో. గొంతు మీరాది, విరుపు మీరాది, మాట చివర తోక ఎత్తడం కూడా మీరాదే. అఫ్రాజ్ పాట పూర్తి చేసి మరీ దిగాడు. దిగి నేరుగా బస్సెక్కాడు.

ఆ సంగతి మీరాకు ఎవరో చేరేశారు. పాపం, ఆయన పొంగిపోయాడు. మావాణ్ణి చూసి నేనే అనుకున్నారట అని పంజా సెంటర్‌లో టీ తాగుతూ కనపడ్డవాడికల్లా చెప్పుకున్నాడు. అఫ్రాజ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇక ఆ ఆటో ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. తండ్రితో మాట తగ్గించేశాడు. వాడికి కావాల్సింది ఒకే ఒక్కటి. విన్నవాడు కళ్ళు మూసుకుని కూడా ఇది అఫ్రాజ్ అనాలి. దానికోసం పడని పాట్లు లేవు. గొంతు బొంగురు చేశాడు, ముక్కుతో చెప్పాడు, హైదరాబాదు యాసలో చెప్పాడు, అమెరికా వాడిలా నాలిక మడిచాడు. అలా మార్చి మార్చి ఒక సీడీ తయారుచేసి, కోపమైనా లోపల ఆశ చావక, తీసుకెళ్ళి తండ్రి చేతిలోనే పెట్టాడు.

మీరా ఆ సీడీని మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. మనిషికి నిజంగా నచ్చింది.

"బాగుందిరా. ఎవరిదీ గొంతు?" అన్నాడు.

వెక్కిరింపు కాదది. నిజంగానే అడిగాడు. అఫ్రాజ్ సీడీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తండ్రీకొడుకుల మధ్య పాట గురించి మళ్ళీ మాట రాలేదు. ఇది జరిగిన ఆర్నెల్లకు, రెండువేల ఆరులో, ఒక మంగళవారం తెల్లవారుజామున నమాజుకని లేచిన మీరా గుండె పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. ఆటో వచ్చేలోపే అయిపోయింది.

మీరా భార్య నఫీసా గోడకు తల కొట్టుకుని ఏడ్చింది. చుట్టాలు వచ్చారు, మసీదు మైకులో చెప్పారు, ఎవరి పని వాళ్ళు చేసుకుపోతున్నారు. అఫ్రాజ్‌కి మాత్రం ఏమీ తెలియడం లేదు. చెవుల్లో దూది కుక్కినట్టుంది. బకెట్‌లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు వింటున్నాడు. ఎవరో భుజం మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి బరువు తెలుస్తోంది, అంతే. ఏడుపు రావాలి కదా అని వాడికే అనిపించింది. ఎదురుచూశాడు, రాలేదు. అమ్మ వాడి మొహం చూసి ఇంకా ఏడ్చింది.

ఎండ గోడ దిగేసరికి శౌరయ్య ఆటో వేసుకుని వచ్చాడు. గొట్టం పైన కట్టే ఉంది. ఆంప్లిఫయర్ పెట్టె వెనక సీటులో పెట్టే ఉంది. లోపలికి వెళ్ళి మీరా కాళ్ళ దగ్గర కాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చి అఫ్రాజ్‌ని పక్కకు పిలిచాడు. మసీదులో చెప్పింది మసీదు చుట్టూ ఉన్న నాలుగు వీధులకే వినపడింది. మార్కెట్ వాళ్ళకూ గోడౌన్ల వాళ్ళకూ కొత్తపేట వాళ్ళకూ ఎవరు చెబుతారు?

"ఊళ్ళో అందరి చావులూ చెప్పాడురా మీ నాన్న. ఆయనది చెప్పేవాడు లేకపోతే ఎట్టా?" అన్నాడు.

అఫ్రాజ్‌కి ఒట్టు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది గానీ అది కూడా ఎవరో వేరేవాడి ఒట్టులా ఉంది. ఆటో ఎక్కి పెట్టె పక్కన ఒదిగి కూర్చున్నాడు. అక్కడ కూర్చున్నవాడి మొహం బయటికి కనపడదు.

మైకు చేతిలోకి రాగానే నోరు దానంతటదే మొదలుపెట్టింది. పురప్రజలకు విజ్ఞప్తి. పాతబస్తీ వాస్తవ్యులు షేక్ నాగుల్ మీరా గారు ఈ ఉదయం స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము. మధ్యాహ్నం జొహర్ నమాజు అనంతరం వారి స్వగృహం నుంచి జనాజా బయలుదేరును. ఒక గుమ్మం దాటేలోగా పూర్తయింది. ఊపిరి ఎక్కడ తీసుకున్నదీ తెలియలేదు. బండి పంజా సెంటర్ దాటింది, చౌక్ దాటింది, మార్కెట్ చుట్టూ తిరిగింది. ఉల్లిపాయల బస్తాలు, చేతిబండ్లు, గుడి ముందు కొబ్బరికాయలు, అన్నీ వెనక్కి పోతున్నాయి. శౌరయ్య మాట విరిగే చోట గేరు మారుస్తున్నాడు. అఫ్రాజ్ తన బతుకులో అంత శుభ్రంగా, అంత తాళంగా ఎప్పుడూ చెప్పలేదు. ఆ సంగతి వాడికి తెలుస్తూనే ఉంది. సంతోషం లేదు, బాధా లేదు. చెప్పుకుంటూ పోయాడు.

ఇంటికి తిరిగొచ్చి ఎదురుచూశారు. ఎవరూ రాలేదు. చుట్టాలు, వీధివాళ్ళు తప్ప మార్కెట్ నుంచి ఒక్క పిట్ట లేదు. రోజూ మీరా భుజం మీద చెయ్యి వేసి టీ తాగించినవాళ్ళు, ఆయన నోటి వెంట పేరు వినపడాలని బతిమాలుకున్న కొట్లవాళ్ళు, ఒక్కడంటే ఒక్కడు. నఫీసా గుమ్మం వైపు చూసి చూసి కొంగు మొహాన కప్పుకుంది. ఇంతేనా, ఊరంతా నాదే అనేవాడుగా అంది. శౌరయ్యకు తిక్క రేగింది. జనాజా మీదకు పూలు తెచ్చే వంకన మార్కెట్‌కు పోయాడు, కనపడ్డవాణ్ణి నాలుగు దులుపుదామని.

ముందు దొరికింది ఉల్లిపాయల కొట్టు రామకోటేశ్వరరావు. శౌరయ్య నోరు తెరిచేలోపే ఆయనే అడిగాడు.

"ఏం శౌరయ్యా, పొద్దున్నే చావు కబురు మోసుకొచ్చారు? ఏ నాగుల్ మీరా అంట? మన మీరాకేమన్నా చుట్టమా?"

బెజవాడలో రాయి విసిరితే ఒక నాగుల్ మీరాకు తగులుతుంది, నిజమే. కానీ మీరా చచ్చిపోయాడని చెబుతుంటే ఏ మీరా అని అడగడమేమిటి? రామకోటేశ్వరరావే మళ్ళీ అన్నాడు, పొద్దున్న విన్నప్పుడు గుండె గుభేలుమందనీ, అంతలో ఆఖరి ముక్క వినపడేసరికి హమ్మయ్య అనుకున్నాననీ.

శౌరయ్య పూలు తీసుకోకుండానే తిరిగొచ్చాడు. అఫ్రాజ్ అరుగు మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"అబ్బాయ్, ఆఖర్న ఏం చెప్పావో గుర్తుందా?"

స్థలం, టైము చెప్పానన్నాడు అఫ్రాజ్. ఆ తర్వాతేం చెప్పావన్నాడు శౌరయ్య. అఫ్రాజ్ పెదాలు కదిలించి చూసుకున్నాడు. పురప్రజల దగ్గర మొదలుపెట్టి లోలోపల చెప్పుకుంటూ వచ్చాడు. జనాజా బయలుదేరును. విన్నవారు విననివారికి చెప్పండి. అక్కడ ఆగాడు. చెబుతున్నది మీ మీరా. ప్రతి సందు మొదట్లో, ప్రతి మలుపులో, ఊరంతా తిరిగి తన నోటితో తనే చెప్పాడు. మీరా పోయాడని చెప్పి, వెంటనే మీరా ఉన్నాడనీ చెప్పాడు. ఊరు రెండోదే నమ్మింది. శౌరయ్య మాత్రం ఏం పట్టుకుంటాడు? ఆ ముక్క వినపడని రోజు అతని బతుకులోనే లేదు.

"నా తప్పూ ఉంది. నా చెవికీ అది మామూలుగానే వినపడింది," అన్నాడు శౌరయ్య.

జొహర్ అజాన్‌కి ఇంకా కాస్త టైముంది. అఫ్రాజ్ లేచాడు. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి అలాగే ఆటో ఎక్కాడు. ఈసారి పెట్టె పక్కన కాదు, ముందు సీటులో శౌరయ్య పక్కన సగం బయటికి కూర్చున్నాడు. మైకు తీగ వెనక నుంచి లాక్కున్నాడు.

మార్కెట్ గేటు దగ్గరికి రాగానే మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. పురప్రజలకు అన్నాడు. ఆ ఒక్క మాటకే నాన్న వచ్చేశాడు. గొంతులో, ముక్కులో, మాట చివర తోకలో, అంతటా నాన్నే. అఫ్రాజ్ నోరు మూసుకున్నాడు. గొట్టంలో నుంచి గర్రుమని ఉత్త మోత వస్తోంది. బండి కదిలిపోతోంది.

"ఆపు బాబాయ్," అన్నాడు.

శౌరయ్య వాడి వైపు చూశాడు. ఆటో మీద గొట్టం కట్టిన రోజు నుంచి మాట మధ్యలో బండి ఆగింది లేదు. అతను బ్రేకు తొక్కి ఇంజను కూడా ఆపేశాడు.

చావు కబురు బండి నడిబజారులో ఆగేసరికి జనం తలలు తిప్పారు. అఫ్రాజ్ కిందికి దిగి నిలబడ్డాడు. కాళ్ళ కింద రోడ్డు కాలుతోంది. ఏ మాట ముందు, ఏది వెనక, ఏమీ తోచలేదు. తాళం లేదు. బొంగురు చేయడానికీ నాలిక మడవడానికీ ఓపిక లేదు. గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి గొట్టంలో నుంచి బజారంతా వినపడింది.

"నేను అఫ్రాజ్‌ని అండీ. మీరా గారబ్బాయిని." ఆగాడు. "ఇందాక చెప్పింది నాన్న కాదు. నేనే. అలవాటులో వచ్చేసింది. నాన్న లేడు. పొద్దున పోయాడు. పోయింది మీ మీరాయే అండీ."

ఇంకేదో చెప్పాలి, గుర్తురాలేదు. మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గొట్టంలో నుంచి తన మాటలు ఎదురు గోడౌన్ గోడకు తగిలి తిరిగి వినపడ్డాయి. అది నాన్న గొంతు కాదు. హైదరాబాదు వాడిదీ అమెరికా వాడిదీ కాదు. మధ్యలో విరిగి, వణికి, ఏ ఊపూ లేకుండా ఉంది. ఇది నాది అని వాడికి అర్థమైంది. ఇన్నేళ్ళు వెతికాడు కదా, ఎగిరి గంతేయాలి మరి. వాడికి ఏమీ అనిపించలేదు. ఎవరిదీ గొంతు అని అడిగినవాడికి జవాబు దొరికింది గానీ, అడిగినవాడు ఇంట్లో తెల్లగుడ్డ కింద ఉన్నాడు.

ఒక హమాలీ నెత్తి మీద బస్తాను పక్కనున్న బండి మీదికి దించాడు. రామకోటేశ్వరరావు కాటా దగ్గర నుంచి లేచి, ఎదురుగా సరుకు తూయించుకుంటున్నవాణ్ణి అలాగే వదిలేసి, షట్టరు లాగేశాడు. ఆ చప్పుడుకు పక్క కొట్టు షట్టరు కూడా పడింది. కొబ్బరికాయల ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అఫ్రాజ్ ఆటో ఎక్కాడు. శౌరయ్య ఇంజను వేసి మొదటి గేరులోనే పోనిచ్చాడు. కాస్త దూరం పోయాక, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"ఒరే, ఎక్కడో ఎప్పుడో చెప్పలేదురా నువ్వు."

నిజమే. స్థలమూ లేదు, సమయమూ లేదు. పదేళ్ళ పిల్లాడప్పుడు నాన్న మొట్టమొదట నేర్పింది అదే, ఈ రెండూ లేని కబురు కబురే కాదని. చెబుదామని అఫ్రాజ్ మైకు ఎత్తి వెనక్కి తిరిగాడు.

బజారు నడిచొస్తోంది. హమాలీలు, కొట్లవాళ్ళు, చేతిబండ్లవాళ్ళు, తలకు చుట్టిన తువ్వాళ్ళు తీసి భుజాన వేసుకుంటూ, ఆటో వెనకాలే వస్తున్నారు. ఎక్కడికో ఎప్పటికో ఈసారి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అందుకని బండి ఎటు పోతే అటు వస్తున్నారు. ఎన్నేళ్ళుగానో గుమ్మాల్లో నిలబడి ఈ బండిని పోనిచ్చిన మనుషులు. శౌరయ్య అద్దంలో చూశాడు, ఇంకాస్త నెమ్మది చేశాడు.

అప్పుడు వచ్చింది అఫ్రాజ్‌కి ఏడుపు. పొద్దున్నించి ఎక్కడ ఆగిందో అదంతా ఒక్కసారిగా వచ్చింది. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది. ఆపాలని వాడికి తోచలేదు, శౌరయ్య కూడా ఆపలేదు. ఆ ఏడుపు వన్ టౌన్ అంతా వినపడింది.